వెలుగు సందు

ఏప్రిల్ 9

ఇవాళ తువ్వాళ్ళు పంచి వచ్చాం. ఎదురు మూడిళ్ళకీ, పక్కింటికీ. పని మొదలుపెట్టే ముందు దుమ్మూ చప్పుడూ ఓర్చుకోమని గుమ్మం గుమ్మానికీ వెళ్ళి వంగి దండం పెట్టాలి కదా. పెట్టెలు నా చేతిలో, మాటలు తెరాయి మేస్త్రి నోట. ఆయన డెబ్భై రెండేళ్ళ వడ్రంగి, ఈ పేటలో సగం ఇళ్ళ కప్పులెక్కిన మనిషి. నాకు ఇలాంటి మాటలు చేతకావు.

అందరూ సరేనన్నారు. అందరికన్నా ముందు అన్నది పక్కింటి కినుయొ గారు. డెబ్భై నాలుగేళ్ళ మనిషి, ఒక్కరే ఉంటారు. బంగారు రేకు పని. కొట్టి పల్చన చేసిన రేకుని వెదురు పటకారుతో ఎత్తి, ఊపిరితో సరిచేసి, చతురస్రంగా కోసి కాగితాల మధ్య పేర్చడం. గడపలో మోకాళ్ళ మీద కూర్చుని తువ్వాలు పెట్టె రెండు చేతులతో అందుకున్నారు.

"కానివ్వండి మాస్టారూ, కానివ్వండి. పిల్లలున్న కాపురం వస్తోందంటే మన సందుకే కళ. నాదేముంది, గోడవారన కూర్చుని ఊపిరి బిగబట్టి పని చేసుకునేదాన్ని. ఎండాకాలం కూడా ఫ్యాను మొహం ఎరగనిదాన్ని. నా గురించి మీరేం ఆలోచించకండి."

ఆలోచించకండి అన్నారు. ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను. పక్కింటి సమ్మతి అయిపోయింది.

తిరిగొచ్చేటప్పుడు మేస్త్రి ఒక్క మాట మాట్లాడలేదు. ఆకలేస్తోందేమో.

ఏప్రిల్ 14

అవాజు వాళ్ళ ఇల్లు మూడోసారి గీశాను. ఇప్పుడు కుదిరింది.

మొగుడూ పెళ్ళాం, ఇద్దరు ఆడపిల్లలు. వాళ్ళు కొన్న పాత ఇల్లు మూల మీద ఉంది, అది కూల్చి కొత్తది కట్టాలి. వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ. మధ్య గదుల్లో పట్టపగలే దీపం కావాలి. వీధి వైపు మొహం మన చేతిలో లేదు. చెక్క జాలీ, నల్ల పెంకు, చూరు ఎత్తు, అన్నీ పాత ఇళ్ళ సంఘం వాళ్ళు చెప్పినట్టే ఉండాలి. లోపలిది మాత్రం నాది.

కినుయొ గారి గోడ పక్కన, ముందు నుంచి వెనకదాకా, మూడడుగుల సందు వదిలేస్తున్నాను. పైనుంచి వెలుగు నేరుగా కిందికి దిగుతుంది. హాల్లో కూర్చుంటే నేలకి దగ్గరగా పొడవాటి కిటికీ. దాంట్లోంచి కాస్త నాచు, రెండు రాళ్ళు, వెనక గోడ. అంతే. వేరే ఏమీ లేదు. దానికి వెలుగు సందు అని పేరు పెట్టుకున్నాను. మదొక గారికి చూపిస్తే (అవాజు గారి భార్య) కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఆరేళ్ళుగా గరాజులూ మరుగుదొడ్లే గీస్తున్నాను. ఇది కూడా తేలిపోతే బావమరిది ఆఫీసులో కుర్చీ ఎలాగూ ఉంది. వాళ్ళు గీసినవాటికి కొలతలు వేసుకుంటూ కూర్చోవచ్చు. మా ఆవిడ ఫుసాయె ఆ మాట ఇంతవరకు అనలేదు. అననందుకే నాకు భయం.

ఏప్రిల్ 21

మేస్త్రితో మాటా మాటా అయింది.

ఇంటి ప్లాను పరిచీ పరచగానే ఆయన వేలు పెట్టింది నా సందు మీదే.

"ఇక్కడ పాత గోడ ఉంచేద్దాం. స్తంభాలతో సహా."

"ఉంచితే ఇంక సందెక్కడుంటుంది మేస్త్రి గారూ?"

"సందెందుకయ్యా? ఈ వరసలో ఇళ్ళు ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని నిలబడ్డాయి. వందేళ్ళ నించీ. పక్కవాడు లేచిపోతే వీడు తూలడూ? పైగా ఆవిడ గోడకి బయటివైపు పూత లేదు. పూయడానికి చోటేదీ? నేల మీద పడుకోబెట్టి కట్టి, లేపి ఆనించేశారు అప్పట్లో. వానంటే ఏంటో తెలీని గోడ అది."

"ఆవిడ సరేనన్నారుగా."

"ఆవిడేమందో విన్నావా నువ్వు?"

"మీ పక్కనే ఉన్నాను."

"ఆఁ, పక్కనే ఉన్నావు," అని ప్లాను చుట్ట చుట్టి నా చేతిలో పెట్టాడు.

ముసలాయనకి ప్రతిదీ పాతదే బాగుంటుంది. చెప్పిందే చెప్పి చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతాడు.

ఏప్రిల్ 22

నియమం ప్రకారం సరిహద్దు నుంచి అర మీటరు వదిలితే చాలు. నేను దాదాపు మీటరు వదిలాను. అంటే నియమం కన్నా ఎక్కువే.

మే 17

పాత ఇల్లు నేలమట్టమైంది. మట్టీ, కలపా, పెంకూ లారీలెక్కి పోయాయి.

కినుయొ గారి గోడ బయటపడింది. వెదురు తడిక, దాని మీద గడ్డి కలిపిన మట్టి. అంతే. మేస్త్రి చెప్పినట్టే పూత లేదు. అక్కడక్కడ ఎవరో మట్టి అదిమిన వేళ్ళ గుర్తులు కూడా ఉన్నాయి. ఆవిడ చెప్పులేసుకుని వచ్చి, ఖాళీ స్థలంలో నిలబడి, తన ఇంటినే వింతగా చూశారు.

"మా ఇల్లు ఈ పక్కనించి ఇలా ఉంటుందా! నేనెప్పుడూ చూళ్ళేదు సుమండీ," అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు.

మేస్త్రి ఇనప రేకులు తెప్పించి పెట్టాడు. ఇవాళే కొట్టేద్దామంటాడు. ఇల్లు కూల్చినవాడు పక్కవాడి గోడ కప్పడం ఆనవాయితీ, కాదనను. కానీ ఇనప రేకులా? నా కిటికీకి ఎదురుగ్గా? కాల్చిన దేవదారు పలకలు వేయిద్దామన్నాను. నల్లగా, నాచు వెనక ఎంత బాగుంటాయో. చేత్తో కాల్చేవాడు ఊరవతల ఒక్కడే ఉన్నాడు, వాడికి శరదృతువు దాకా తీరిక లేదు. అందాకా ప్లాస్టిక్ పట్టా కట్టిస్తే సరి.

"రేకులు ఇప్పుడు కొట్టి, పలకలొచ్చాక తీసేద్దాం," అన్నాడు మేస్త్రి.

"ఒకసారి కొడితే ఇంక అవే ఉండిపోతాయి మేస్త్రి గారూ. నాకు తెలీదా?"

పట్టా కట్టారు.

జూన్ 19

వానలు మొదలయ్యాయి. మధ్యాహ్నం మూడింటికి కినుయొ గారు పనివాళ్ళకి టీ, బియ్యప్పిండి బిళ్ళలు తెచ్చారు. ఆవిడ తేవలసిన పని లేదు, తేవాల్సింది ఇల్లు కట్టుకునేవాళ్ళు. అయినా తెచ్చారు. గొడుగు కింద నిలబడి నాతో ఎంత ఆప్యాయంగా మాట్లాడారో.

"ఇల్లు తేలికపడిపోయిందండీ. గాలి ఎంత బాగా వస్తోందనుకున్నారు! ఈ ఇంట్లో కాపరానికొచ్చి యాభై ఏళ్ళయింది, ఇంత గాలి ఎరగను. పట్టా కూడా రాత్రంతా పాడుతూనే ఉంటుంది, తోడున్నట్టు."

చాలా సంతోషమనిపించింది. నా సందు అవతలివాళ్ళకి కూడా మేలు చేసింది. ఇంటికొచ్చి ఫుసాయెకి చెప్పాను. ముల్లంగి తరుగుతున్న మనిషి ఆగింది.

"ఏమండీ, ఆవిడ బంగారు రేకు పని చేస్తారన్నారు కదూ?"

"అవును, ఏం?"

"ఏం లేదు," అని మళ్ళీ తరగడం మొదలుపెట్టింది.

జూలై 3

వాన. పట్టా తాడు తెగింది. బిగించమన్నాను.

జూలై 11

వాన. పట్టా.

ఆగస్టు 8

ఎండ మండిపోతోంది. చట్రం నిలబడింది. సందు ఆకారం తెలుస్తోంది. మిట్టమధ్యాహ్నం ఒక పావుగంట, వెలుగు నేలదాకా దిగింది. పని ఆపించి అందరికీ చూపించాను. మేస్త్రి చూసి, "బాగుంది," అన్నాడు. ఆయన నోటి నుంచి ఆ మాట!

కినుయొ గారు వీధిలో కూర్చుని రాళ్ళ మధ్య గడ్డి పీకుతున్నారు. ఇంత ఎండలోనా అన్నాను.

"ఈ వేసవి నాకు సెలవులే మాస్టారూ. నలభై ఆరేళ్ళలో ఇదే మొదటిసారి. పొద్దున్నే లేస్తానా, చేతులకి ఏం చెప్పాలో తెలీదు. అందుకని గడ్డి."

"మంచిదేనండీ. ఇన్నాళ్ళూ కష్టపడ్డారు, కాస్త విశ్రాంతి తీసుకోండి," అని వంగి నమస్కారం పెట్టాను.

ఆవిడ కూడా పెట్టారు. నాకన్నా లోతుగా వంగి, చాలాసేపు.

సెప్టెంబరు 5

తుపాను పట్టాని చీల్చేసింది. సగం గోడ తడిసింది. మట్టి కారి మా పునాది మీద పడింది, కడిగించాల్సి వచ్చింది.

మేస్త్రి అందరి ముందూ అరిచాడు.

"ఇనప రేకులు షెడ్డులోనే ఉన్నాయి! ఒక్క పూట పని! ఆ గోడ మీద జాలి లేకపోతే దాని వెనక మనిషి మీదైనా ఉండాలి కదా!"

"పలకలు అక్టోబరు ఇరవైకి వచ్చేస్తాయన్నాడు."

"అయితే వానని కూడా అక్టోబరు ఇరవై దాకా ఆగమని చెప్పు. నీ మాట వింటుందేమో."

పనివాళ్ళు నవ్వారు. నా చెవులు కాలాయి. ఆర్కిటెక్టుని నేను, ఈ ఇంట్లో ఏది ఎక్కడ కనిపించాలో నిర్ణయించేది నేను, అన్నాను. డెబ్భై రెండేళ్ళవాడు నిచ్చెనెక్కి కొత్త పట్టా కట్టుకున్నాడు. నేను కింద నిలబడి నిచ్చెన పట్టుకున్నాను. పట్టుకోలేదని ఎవరూ అనలేరు.

సెప్టెంబరు 12

పాత ఇళ్ళ సంఘం వాళ్ళు చూడ్డానికి వచ్చారు. వీధి మొహం కొలిచారు, జాలీ లెక్కపెట్టారు. తరవాత లోపలికొచ్చి కిటికీ చోట కూర్చుని చాలాసేపు లేవలేదు. "ఈ వరసకి మీరు ఊపిరి పోశారు," అన్నాడు పెద్దాయన. సంఘం పుస్తకంలో ఫోటో వేస్తామన్నారు. వేరే పేట నుంచి ఇంకెవరో ఇల్లు కట్టించాలని నా నంబరు అడిగారట.

ఫుసాయె మంచి జరిగినప్పుడు వండే ఎర్ర చిక్కుళ్ళ అన్నం వండింది. నేను రెండుసార్లు పెట్టించుకున్నాను.

సెప్టెంబరు 13

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం దేనికి? నన్నెవరూ ఏమీ అనలేదు. మేస్త్రి అన్నాడు, ఆయన అందరినీ అంటాడు. ఆవిడ ఏమీ అనలేదు. నియమం ప్రకారమే జరిగింది.

నవంబరు 6

పలకలొచ్చాయి. ఆలస్యమైంది, కానీ చూస్తే ఆలస్యం మరిచిపోతాం. కినుయొ గారి గోడంతా కప్పేశారు. ఇంక ఎవరికీ ఏ లోటూ లేదు.

ఆవిడకి చెబుదామని వెళితే తలుపు వేసి ఉంది. రెండుసార్లు పిలిచాను. లోపల మనిషి కదిలిన చప్పుడైతే అయింది.

డిసెంబరు 16

మూడు రోజులుగా ఉరుములు. చలికాలం పిడుగుల తరవాతే మా సముద్రానికి మంచి చేపలొస్తాయి, మా ఊరి ఆకాశానికి నాలుగు నెలల బూడిదరంగూ వస్తుంది. ఇక్కడ అన్నం డబ్బా మరిచినా గొడుగు మరవకూడదంటారు. నేను ఇవాళ గొడుగే మరిచాను. అంత సంతోషంగా ఉన్నాను.

అవాజు వాళ్ళు గృహప్రవేశం చేశారు. పిల్లలు చలిలో కూడా కిటికీ దగ్గరే బోర్లా పడుకున్నారు. మదొక గారు వీధివాళ్ళందరికీ కొత్త కాపురం తువ్వాళ్ళు పంచింది. కినుయొ గారు గుమ్మంలోనే పుచ్చుకున్నారట, జలుబని లోపలికి రమ్మనలేదట.

జనవరి 29

మూడు రోజులుగా ఆగని మంచు. మదొక గారి ఫోను. "మాస్టారూ, మన వెలుగు సందు మంచుతో నిండిపోయిందండీ! కిటికీ అంతా తెల్లగా మూసుకుపోయింది, పగలే లైటు వేసుకుంటున్నాం," అని నవ్వింది.

నేనూ నవ్వాను. కొత్త కప్పు మీద పడ్డ మంచు మొత్తం సందులోకే జారుతుంది. అది నాకు తెలుసు. చలికాలం కదా, కరిగిపోతుందనుకున్నాను.

ఫిబ్రవరి 7

పొద్దున ఎనిమిదింటికి మేస్త్రి ఫోను. "కినుయొ గారి వీధి తలుపు రావడం లేదట. ఆవిడ లోపలే ఉండిపోయింది. రా." పెట్టేశాడు.

మోకాళ్ళ లోతు మంచులో వెళ్ళాను. జారుడు తలుపు ఎటూ కదలడం లేదు. పైదూలం దిగి నొక్కేసింది. మదొక గారు పార పట్టుకుని బిక్కమొహంతో నిలబడి ఉంది. లోపల నుంచి కినుయొ గారి గొంతు. "అయ్యయ్యో, ఇంత చలిలో నా మూలంగా మీ అందరికీ ఎంత శ్రమ!"

మేస్త్రి దూలం కింద జాకీ పెట్టి ఎత్తి, తలుపు ఊడదీశాడు. తరవాత దారానికి గుండు కట్టి స్తంభం మీద నుంచి వేలాడదీశాడు. పైన దారం స్తంభాన్ని తాకుతోంది. కింద రెంటి మధ్యా నా నాలుగు వేళ్ళు పట్టాయి, స్తంభం అంతగా ఒరిగింది. సందులో మనిషెత్తు మంచు గడ్డకట్టి ఆ గోడని తోస్తోంది. ఇన్నాళ్ళూ ఆ పక్క ఆనుకోవడానికి ఇల్లుండేది. ఇప్పుడు ఇల్లు లేదు, బరువుంది. మేస్త్రి నా వంక చూడలేదు. అరిచి ఉంటే బాగుండేది.

మొదటిసారి ఆ ఇంట్లోకి వెళ్ళాను. పది నెలలుగా పక్కనే పని చేశాను, మొదటిసారి.

గోడవారన పని గది. గోడ కనపడలేదు. కాగితాలు. వార్తాపత్రికలు, క్యాలెండరు కాగితాలు, కూరగాయల కొట్టు ప్రకటనలు, సన్నటి పట్టీలుగా కత్తిరించి, గంజి రాసి, ఒకదాని మీద ఒకటి. నేల నుంచి పైకప్పు దాకా. ఒకచోట మేం ఏప్రిల్లో తువ్వాలుతో ఇచ్చిన పని వివరాల కాగితం కూడా ఉంది, నా ముద్రతో. చలికి నా ఊపిరి పొగలా వస్తోంది. ఆ పొగ నిలబడడం లేదు, గోడ దగ్గర నుంచి పక్కకి వంగిపోతోంది.

"ఇవన్నీ ఏంటండీ?"

"గాలికండీ. బంగారు రేకు లేచిపోతుంటే వేసవంతా అంటిస్తూ కూర్చున్నా. ఒకచోట మూస్తే ఇంకోచోట నించి. మట్టి తడిసి ఆరింది కదా, ఎక్కడని పట్టుకుంటాం?"

"మరి పని?"

"రేకు పంపేవాళ్ళు సెప్టెంబరులోనే వేరే ఆవిడకిచ్చేశారు. వాళ్ళని అనుకోడానికేం లేదు. నలభై ఆరేళ్ళు పంపించారు పాపం. ముడతపడ్డ రేకు మటుకు ఎవరు తీసుకుంటారు?"

"నాతో ఒక్క మాట చెప్పచ్చు కదండీ!"

అరిచాను. నిజమే రాస్తున్నాను, ఆవిడ మీద అరిచాను. తలుపు ఊడదీసిన ఇంట్లో, మంచు లోపలికి పడుతుంటే.

కినుయొ గారు ఆశ్చర్యంగా చూశారు. కోపం లేదు. అదే భరించలేకపోయాను.

"చెప్పానుగా మాస్టారూ."

"ఎప్పుడు?"

"మూడుసార్లు చెప్పాను. నాలుగోసారి చెబితే పోట్లాటవుతుంది. పక్కపక్కన బతకాల్సినవాళ్ళం."

అని, మేస్త్రికి చలేస్తోందని టీ పెట్టడానికి లోపలికెళ్ళారు.

ఫిబ్రవరి 8

ఇందులోనే ఉన్నాయి. ఏప్రిల్ 9. జూన్ 19. ఆగస్టు 8. ఒక్క మాట పోకుండా రాసుకున్నాను. నా చేతి రాతే.

సిగ్గేస్తోంది. ఇంతకన్నా పెద్ద మాట దొరకడం లేదు. ఆవిడ చెప్పింది నాకు తెలియక కాదు. ఈ ఊళ్ళో పుట్టినవాడిని, మా అమ్మ కూడా అలాగే మాట్లాడేది. "గాలి బాగా వస్తోంది" అంటే ఏమిటో ఫుసాయెకి ముల్లంగి తరుగుతూ తెలిసింది. ఎదురుగా నిలబడి టీ తాగుతూ నాకు తెలియలేదా? తెలిస్తే కిటికీ ముందు ఇనప రేకులు కొట్టించాల్సి వచ్చేది. అందుకని తెలియలేదు.

ఫిబ్రవరి 9

సందులో మంచు తవ్వాను. రోజంతా. మదొక గారు పిల్లల చేత వేడి సూప్ పంపింది. కిటికీలోంచి వెలుగు మళ్ళీ వచ్చింది. చూడాలనిపించలేదు.

ఫిబ్రవరి 10

ఫుసాయెకి అంతా చెప్పాను. "నాకు అప్పుడే అనుమానం వచ్చింది," అంది. మరి చెప్పలేదేం అంటే, "ఆరేళ్ళ తరవాత మీరు అన్నం రెండుసార్లు పెట్టించుకున్నారండీ. నోరు రాలేదు," అని మొహం తిప్పుకుంది.

ఫిబ్రవరి 26

మేస్త్రిని తీసుకుని వెళ్ళి, కినుయొ గారి ముందు నేలకి నుదురానించి క్షమించమన్నాను. ఇంటిని నిలబెడతాం, గోడని రెండు వైపులా కొత్తగా పూస్తాం, అంతా మా చేతుల మీద, మీరు పక్కకి కూర్చుంటే చాలన్నాను. మేస్త్రి కూడా బతిమాలాడు.

ఆవిడ తన చేతులు చూసుకున్నారు.

"లేవండి మాస్టారూ, బాగుండదు. గోడ మీరు కట్టగలరు, మేస్త్రి గారు ఉన్నారు కదా. కానీ చేతికి అలవాటు తప్పిందండీ. మొన్న ఇంట్లో మిగిలిన పాత రేకు ఒకటి ఎత్తి చూశాను. పటకారు వణికింది. ఈ వయసులో ఆర్నెల్లు మానేస్తే మళ్ళీ రాదు. అది మీకు తెలీదు, మీ తప్పు కాదు."

నా తప్పు కాదన్నారు. ఈసారి ఆ మాట అర్థమైంది.

మార్చి 12

కినుయొ గారు ఇల్లు అమ్మేస్తున్నారు. కొమాత్సులో మేనకోడలి దగ్గరికి పోతారట. కొంటున్నది అవాజు వాళ్ళు. మదొక గారు ఫోను చేసింది.

"ఆ ఇల్లు తీయించేస్తామండీ, రెండు కార్లకీ చోటు కావాలి. పిల్లలు పెద్దవాళ్ళవుతున్నారు. వీధి వైపు చెక్క జాలీ తలుపు పెడితే సంఘం వాళ్ళు ఏమీ అనరట. పైగా అటు ఖాళీ అయితే మన సందుకి ఇంకా వెలుగొస్తుంది కదా మాస్టారూ! మీరే గీసిపెట్టండి."

గొంతులో మాయ లేదు. ఆవిడకి నేనెప్పుడూ ఏమీ చెప్పలేదు, ఎలా తెలుస్తుంది? అప్పుడు చెప్పాను. ఇనప రేకుల దగ్గర నుంచి కినుయొ గారి తలుపు దాకా, ఎందుకు జరిగిందో, ఎవరి వల్ల జరిగిందో. ఆవిడ అంతా వింది. తరవాత, "ఆ కిటికీ కోసమా?" అంది. అవునన్నాను. ఫోను పెట్టేసింది.

సంఘం వాళ్ళు ఫోటోకి వస్తామంటే వద్దన్నాను. కారణం రాసి పంపాను. ఇంక నా నంబరు ఎవరూ అడగరు.

మార్చి 19

గీయనని చెబుదామని కినుయొ గారింటికి వెళ్ళాను. గీయను, కూల్చను, ఆ పనికి ఇంకెవరినైనా చూసుకోమంటాను అని. పెట్టెలు కట్టుకుంటున్నారు. గోడ మీద కాగితాలన్నీ ఒలిచేశారు, అప్పగించే ఇల్లు శుభ్రంగా ఉండాలని.

"మీరు కాదంటే ఎలా? మీరే కూల్చాలి మాస్టారూ."

"నావల్ల కాదండీ."

"ఇంకోడు వస్తే రెండ్రోజుల్లో పడేసి పోతాడు. మా అటుపక్క కగామి గారిల్లుంది. ఆయన ఇల్లు మా ఇంటి మీదే ఆనుకుని ఉంది. ఆయన అడిగే మనిషి కాదు, నాకన్నా మొహమాటస్తుడు. ఏ గోడకి ఏమవుతుందో ఇప్పుడు ఈ వీధిలో మీకన్నా బాగా తెలిసినవాళ్ళెవరు? అందుకని మీరే."

దెప్పారా, నమ్మారా? రెండూ కావచ్చు. ఎందుకడగాలి? తల ఊపాను. లేచి రాబోతుంటే కండువాలో చుట్టి ఏదో పెట్టారు. ముల్లంగి ఊరగాయ. "మీ ఆవిడకి. మంచి మనిషిలా ఉంది, తువ్వాలు మడత చూసి అనుకున్నా," అన్నారు. ఏడుపు ఆపుకోలేకపోయాను. గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నట్టు వంగి ఉండిపోయాను.

మార్చి 30

కినుయొ గారు నిన్న వెళ్ళిపోయారు.

ఇవాళ మేస్త్రీ నేనూ కగామి గారింటికి వెళ్ళాం. ఎనభై దాటినాయన, ఒకప్పుడు బడి పంతులు. ఈసారి మాట మేస్త్రికి వదల్లేదు, నేనే చెప్పాను. మీ ఇంటిని ఆనుకున్న కినుయొ గారి గోడ ఉంచేస్తాం, స్తంభాలతో సహా. కారు చోటు ఒకటే వస్తుంది, అవాజు గారు ఒప్పుకున్నారు. పని మొదలైన రోజే ఇనప రేకులు కొడతాం.

"అబ్బే, నాకేం ఇబ్బంది లేదు. మీ వీలు చూసుకుని కానివ్వండి," అన్నారు కగామి గారు.

నేను లేవలేదు.

ఆయన టీ పోశారు. ఈ ఏడు మంచు ఎక్కువే పడిందన్నారు. అవునన్నాను. ప్లమ్ పూలు కూడా ఆలస్యమే అన్నారు. అవునన్నాను. మేస్త్రి మోకాళ్ళు నొప్పెట్టి కదిలాడు, నన్ను చూసి మళ్ళీ సర్దుకున్నాడు. రెండోసారి టీ పోశారు. నేను లేవలేదు. నాకు పనులున్నాయేమో అన్నారు. లేవన్నాను. గోడ గడియారం గంట కొట్టింది. ఆయన చాలాసేపు కప్పు అడుగు చూసుకున్నారు.

"ఆ గోడ పక్కనే మా ఆవిడ పడక," అన్నారు చివరికి. "నాలుగేళ్ళయింది లేచి. గది మారుద్దామంటే ఒప్పుకోదు. గోడ అవతల కినుయొ గారు తెల్లారగట్ల లేచి కిటికీ తీయడం, నీళ్ళు పెట్టుకోవడం, అదంతా వింటూ పడుకునేది. ఇవాళ తెల్లవారుజాము నించి అడుగుతోంది, ఆవిడ ఇంకా లేవలేదేం అని."

మేస్త్రి తల దించుకున్నాడు.

గోడ కదలకుండా చూస్తానని చెప్పాను. గాలీ వానా రాకుండా చూస్తానని చెప్పాను. వాళ్ళావిడ అడిగినదానికి మాత్రం నా దగ్గర జవాబేమీ లేదని చెప్పాను. కగామి గారు తల ఊపి, మూడోసారి టీ పోశారు.